మెమోలో ఉన్న ప్రతి లైనుకీ జవాబు మీరే చెప్పాలి

(శ్రీకాకుళం జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ, బీకాం, బీఏ విద్యార్థులతో ఒక ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగి మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని టైప్ చేశాం)

ప్రిన్సిపాల్ గారికి, లెక్చరర్లందరికీ, ఉద్యోగాల ట్రైనింగ్ ఇచ్చే జేకేసీ, అదే జవహర్ నాలెడ్జ్ సెంటర్, చూసుకుంటున్న మేడం గారికి నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి బాబూ, ముందు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి కదా, వచ్చి కూర్చోండి.

బ్యానర్ మీద ఉంది కదా టాపిక్, డిగ్రీ తర్వాత కెరీర్‌కి ప్రిపేర్ అవడంలో విద్యార్థుల బాధ్యత అని. నేను పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తాను, క్యూసీ అంటాం. బయట నుంచి వచ్చిన ముడిసరుకైనా, మా దగ్గర తయారైన మందైనా, టెస్ట్ చేసి ఇది పాస్ ఇది ఫెయిల్ అని సంతకం పెట్టే డిపార్ట్‌మెంట్ మాది. ఫ్రెషర్స్‌ని తీసుకునేటప్పుడు ప్యానెల్‌లో కూర్చుంటాను. కాబట్టి ఇవాళ నేను చెప్పేది టేబుల్‌కి అటు పక్క కూర్చుని చూసింది. మీలో చాలామంది ఇంకో ఏడాదిలో, రెండేళ్ళలో ఆ టేబుల్ ముందు కూర్చుంటారు, అది నా కంపెనీయే అవ్వాలని లేదు, బ్యాంకు అవ్వచ్చు, ఆడిటర్ ఆఫీసు అవ్వచ్చు, స్కూలు అవ్వచ్చు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అని అందరూ అడుగుతారు. యూట్యూబ్‌లో వెతుకుతారు. మేము మొదట చేసే పని ఏంటో తెలుసా, మీ మార్కుల మెమో తీసుకుని చూస్తాం. అందులో ఏ పేపర్లో ఎక్కువ వచ్చిందో చూస్తాం, దాంట్లోంచే అడుగుతాం. ప్రాక్టికల్స్‌లో 50కి 48 అని ఉంటుంది. సరే బాబూ, టైట్రేషన్, అదే బ్యూరెట్‌లోంచి చుక్కచుక్కగా కలిపి ఎంత ఉందో కొలవడం, చేశావా అంటే చేశాను సార్ అంటాడు. పర్మాంగనేట్ టైట్రేషన్‌లో ఇండికేటర్ ఏంటి? ఫినాఫ్తలీన్ సార్. అక్కడ ఇండికేటర్ వేయరు కదా, పర్మాంగనేట్ రంగే ఇండికేటర్, చివరి చుక్కకి లేత గులాబీ రంగు నిలబడుతుంది, ఒక్కసారి బ్యూరెట్ పట్టుకుని చేసినవాడికి ఇది జన్మలో మర్చిపోయే విషయం కాదు. సరే అందులో సల్ఫ్యూరిక్ యాసిడ్ ఎందుకు వేస్తారు, హెచ్‌సీఎల్ ఎందుకు వెయ్యరు? సైలెంట్. పర్మాంగనేట్ క్లోరైడ్‌ని కూడా ఆక్సిడైజ్ చేసి క్లోరిన్ చేసేస్తుంది, అప్పుడు రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, అందుకు. ఇదేం పీహెచ్‌డీ ప్రశ్న కాదు, మీ ప్రాక్టికల్ మాన్యువల్‌లో ఉన్నదే. ఒక మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్ ఎన్ని నార్మల్ అంటే రెండు అని చెప్పేవాళ్ళు, కారణంతో చెప్పేవాళ్ళు, చాలా తక్కువమంది దొరుకుతారు. నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ పిల్లాడు మంచివాడే, కష్టపడే ఇంటి నుంచే వచ్చాడు, వాళ్ళ నాన్న గేటు బయట చెట్టు కింద వెయిట్ చేస్తుంటాడు, నేనేమో నో అని రాయాలి.

నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క విషయమే, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మెమో మీద మీ పేరు ఉంది. అందులో ఉన్న ప్రతి లైనూ "ఇది నాకు వచ్చు" అని మీరు లోకానికి చెప్తున్న మాట. ఆ మాటకి జవాబుదారీ మీరే, కాలేజీ కాదు, యూనివర్సిటీ కాదు. కెరీర్‌కి ప్రిపేర్ అవడం అంటే చాలామంది డిగ్రీ అయిపోయాక అమీర్‌పేట వెళ్ళి ఏదో కోర్సు చేయడం అనుకుంటున్నారు, కాదు, ఇప్పుడు మీ బ్యాగ్‌లో ఉన్న పుస్తకమూ ఇక్కడ కింద ఫ్లోర్‌లో ఉన్న ల్యాబూ, అదే ప్రిపరేషన్.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. అంతా విద్యార్థులదే బాధ్యత అని చెప్పి చేతులు దులుపుకునే రకం కాదు నేను. లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉంచడం, ల్యాబ్‌కి కెమికల్స్ కొనడానికి డబ్బులు ఇవ్వకపోవడం, సిలబస్ మాటిమాటికీ మార్చడం, ఇవి మీ తప్పులు కావు. మీ సీనియర్లు మూడు సబ్జెక్టుల పద్ధతిలో చదివారు, 2023-24లో సింగిల్ మేజర్ అన్నారు, పిల్లలకీ మాస్టార్లకీ ఇద్దరికీ గందరగోళమే. ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేయాలి, అడగండి, విద్యార్థి సంఘాలు అడగాలి, గట్టిగా అడగాలి. కానీ ఒకటి ఆలోచించండి, ఆ ఖాళీలు నిండేసరికి మీ మూడేళ్ళూ అయిపోతాయి. ఆ మూడేళ్ళు తిరిగి రావు. అందుకని ఉన్నదాంతో ఎంత దూరం వెళ్ళగలను అనేది మాత్రం మీ చేతిలో ఉంది, అది వదులుకోవద్దు.

ఉన్నదాంతో అంటే ఏంటో ఒక ఉదాహరణ చెప్తాను. ఒకమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది, ఏజెన్సీ ఏరియా కాలేజీ. యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్ వాడావా అమ్మా అని అడిగాం, సొల్యూషన్ ఎంత కాంతి పీల్చుకుంటుందో కొలిచే మెషీన్ అది. మా కాలేజీలో యూవీ లేదు సార్, కలరీమీటర్ ఉంది, దానిమీద చేశాను అంది. ఏం చేశావు? పర్మాంగనేట్ సొల్యూషన్లు ఐదు రకాల కాన్సెంట్రేషన్లలో తయారుచేసి అబ్జార్బెన్స్ తీసి గ్రాఫ్ గీశాను, సరళరేఖ వచ్చింది, మాస్టారు తెలియని శాంపిల్ ఒకటిచ్చి గ్రాఫ్‌లోంచి దాని కాన్సెంట్రేషన్ కనుక్కోమన్నారు అంది. మరి కాన్సెంట్రేషన్ బాగా పెంచేస్తే? గీత వంగిపోతుంది సార్, బీర్ లాంబర్ట్ లా పలచని సొల్యూషన్లకే సరిగ్గా పనిచేస్తుంది అంది. ఇంకేం కావాలండీ. మా దగ్గర ఉన్న యూవీ మెషీన్ లక్షల రూపాయలది, కానీ అది చేసే పని ఆ అమ్మాయి కలరీమీటర్ మీద చేసినదే. మెషీన్ బటన్లు నేర్పడానికి మాకు వారం చాలు. ఆ గ్రాఫ్ ఎందుకు వంగుతుందో నేర్పడానికి మాకు టైమ్ లేదు, అది కాలేజీ నుంచి తెచ్చుకోవాల్సింది. ఆ అమ్మాయి ఇంగ్లీష్ అంతంతమాత్రం, జవాబులన్నీ తెలుగులోనే చెప్పింది, సెలెక్ట్ అయ్యింది.

హెచ్‌పీఎల్‌సీ, అంటే సొల్యూషన్‌లో కలిసి ఉన్నవాటిని విడదీసి కొలిచే మెషీన్, మీ కాలేజీల్లో ఉండదు, నాకు తెలుసు. కానీ పల్చటి పొర మీద విడదీసే టీఎల్‌సీ ఉంటుంది, పేపర్ క్రొమటోగ్రఫీ ఉంటుంది. ఆకు రసం తీసి చుక్క పెట్టి సాల్వెంట్‌లో నిలబెడితే రంగులు విడిపోవడం చూస్తారు కదా, మా హెచ్‌పీఎల్‌సీలో ఉండే సీ-18 కాలమ్‌లో జరిగేదీ సూత్రంగా అదే, ఏది దేనికి ఎక్కువ అతుక్కుంటుంది, ఏది ముందు బయటికొస్తుంది అని. రివర్స్ ఫేజ్‌లో, అంటే ఆ సీ-18 పద్ధతిలో, పోలార్ కాంపౌండ్ ముందొస్తుందా వెనకొస్తుందా అని అడిగితే టీఎల్‌సీ అర్థం చేసుకున్నవాడు ఆలోచించి చెప్పగలడు, ముందొస్తుంది అని. మిగిలింది ఫోన్‌లో ఉంది. కేంద్రం నడిపే స్వయం అనే ఆన్‌లైన్ కోర్సుల సైటు 2017 నుంచి ఉంది, ఐఐటీల పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్ 2003లో మొదలైంది, అనలిటికల్ కెమిస్ట్రీ పాఠాలు ఫ్రీగా చూడొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. వర్చువల్ ల్యాబ్స్ అని ఇంకోటి ఉంది, అదీ ఫ్రీ. రోజూ ఒకటిన్నర జీబీ డేటా అయిపోతోంది కదా మీ అందరికీ, అందులో ఒక అరగంట దీనికి పెట్టండి అని బతిమాలుతున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం సీరియస్ విషయం, లెక్చరర్లు కూడా ఏమీ అనుకోవద్దు. రికార్డుల సంగతి. ప్రాక్టికల్‌లో రీడింగ్ 9.8 వచ్చింది, పక్కవాడికి 10.2 వచ్చింది, మాస్టారు 10.2 కరెక్ట్ అన్నారు, వెంటనే కొట్టేసి 10.2 రాసేస్తారు. మూడుసార్లు చేయాల్సింది ఒక్కసారి చేసి మిగతా రెండూ నోటితో లెక్కేసి రాసేస్తారు. అసలు చేయకుండానే సీనియర్ రికార్డు చూసి దించేసేవాళ్ళు కూడా ఉన్నారు. కాలేజీలో ఇది చిన్న విషయం, మార్కులు పడతాయి, అయిపోతుంది. మా ఫీల్డ్‌లో దీన్ని డేటా ఫాల్సిఫికేషన్ అంటారు, ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. వచ్చింది వచ్చినట్టు, వచ్చినప్పుడే, చేసినవాడే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన కరెక్ట్ రాసి సంతకం, తేదీ పెట్టాలి, వైట్‌నర్ అనే వస్తువు మా ల్యాబ్‌లోకే రాకూడదు. అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ వాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కి వస్తే మెషీన్ల కన్నా ముందు ఈ కాగితాలు, కంప్యూటర్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే ఆడిట్ ట్రెయిల్ చూస్తారు. 2013లో రాన్‌బాక్సీ అనే మందుల కంపెనీ కేసు పేపర్లలో వచ్చింది, క్వాలిటీ సరిగా లేని మందులు అమ్మడం, ఎఫ్‌డీఏకి తప్పుడు వివరాలివ్వడం మీద అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు. అంత పెద్ద కంపెనీ. డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఆ మాత్ర ఎవరో జ్వరం వచ్చిన పిల్లాడు మింగుతాడు, మీ అమ్మ బీపీకి మింగుతుంది.

ఈ అలవాటు ఉద్యోగంలో చేరిన రోజున మొదలవ్వదు, ఇక్కడ సెకండ్ సెమిస్టర్‌లోనే మొదలవుతుంది. 9.8 వస్తే 9.8 రాయండి. మాస్టారు అడిగితే నాకిదే వచ్చింది సార్, ఎండ్ పాయింట్ ముందే ఆపేశానేమో మళ్ళీ చేస్తాను అనండి. రెండు మార్కులు పోతే పోతాయి. లెక్చరర్లకి కూడా నా విన్నపం, అలా రాసిన పిల్లల మార్కులు కోయకండి, ఇంకో రెండు వేయండి.

ఇంటర్న్‌షిప్ కూడా ఇదే బాపతు. మన రాష్ట్రంలో 2020-21 నుంచి వచ్చిన సిలబస్‌లో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు, ఫస్టియర్ అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, సెకండియర్ అయ్యాక రెండు నెలలు, తర్వాత ఒక పూర్తి సెమిస్టర్. ఆలోచన చాలా మంచిది, డిగ్రీ పిల్లలు మూడేళ్ళలో పది నెలలు బయట పని చూడటం అంటే మామూలు విషయం కాదు. కానీ జరుగుతున్నదేంటో ఈ హాల్లో అందరికీ తెలుసు. ఆన్‌లైన్‌లో ఎవరికో డబ్బులు కడితే సర్టిఫికెట్ మెయిల్‌కి వస్తుంది, ప్రాజెక్టు రిపోర్టు జిరాక్స్ షాపులో రెడీగా దొరుకుతుంది. మీరు ఆ సర్టిఫికెట్ పట్టుకుని వస్తే మేము అడిగే మొదటి ప్రశ్న, పొద్దున్న ఎన్నింటికి వెళ్ళేవాడివి, మీ సూపర్‌వైజర్ ఏం చేసేవారు, నువ్వు చేసిన పని మొదటి నుంచి చివరి దాకా చెప్పు. ఒక్క నిమిషంలో బయటపడిపోతుంది. అప్పుడు ఇంటర్న్‌షిప్ ఒక్కటే కాదు, మెమో మీద ఉన్న మిగతా నమ్మకం కూడా పోతుంది.

సార్ మాకెవరు ఇస్తారు ఇంటర్న్‌షిప్, కంపెనీలు గేటు దగ్గరే ఆపేస్తారు అంటారు. నిజమే, అన్ని కంపెనీలూ తీసుకోవు. కానీ ఫార్మా కంపెనీ ఒక్కటే ఇంటర్న్‌షిప్ కాదు. మీ చుట్టుపక్కల నీళ్ళు టెస్ట్ చేసే ల్యాబ్ ఉంటుంది, భూసార పరీక్ష కేంద్రం ఉంటుంది, పాల డెయిరీలో ఫ్యాట్, ఫ్యాట్ కాకుండా మిగిలిన ఘనపదార్థం అదే ఎస్‌ఎన్‌ఎఫ్ చూసేచోటు ఉంటుంది, పలాస వైపు వాళ్ళకి జీడిపప్పు యూనిట్లు ఉన్నాయి, తేమ శాతం చూడకుండా వాళ్ళు పప్పు ప్యాక్ చేయరు. అక్కడికి ప్రిన్సిపాల్ లెటర్ పట్టుకుని వెళ్ళి అడగండి. ముగ్గురు కాదంటారు, నాలుగోవాడు రమ్మంటాడు. ఈడీటీఏ అనే కెమికల్‌తో నీటి కఠినత్వం ఎంతో కనుక్కోవడం మీ సిలబస్‌లో ఉంది కదా, ఎర్రగా ఉన్నది నీలంగా మారే టైట్రేషన్, మీ ఊళ్ళో పది బోర్ల నీళ్ళు తెచ్చి ఈ కాలేజీ ల్యాబ్‌లోనే చేసి పంచాయతీకి రిపోర్టు ఇవ్వండి. ఉద్దానం కిడ్నీ జబ్బుల ప్రాంతం పక్కన బతుకుతూ, నీళ్ళ గురించి మనం మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు. ఇంటర్వ్యూలో అలాంటి పని చెప్పిన పిల్లల్ని నేను అంత తేలిగ్గా వదలను.

సేఫ్టీ సంగతి చెప్పకుండా వెళ్తే తప్పు చేసినవాడినవుతాను. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు జరిగింది, 17 మంది చనిపోయారు. అందులో మీకన్నా కొంచెం పెద్ద వయసు పిల్లలు ఉన్నారు. సాల్వెంట్ లీకైంది, ఆవిరి అంటుకుంది. ఆ సాల్వెంట్ ఒక ఈథర్, ఎంటీబీఈ అంటారు, 55 డిగ్రీలకే మరిగిపోతుంది. ఈథర్లు మీరు ఆర్గానిక్‌లో చదివారు, ఎంత తేలిగ్గా ఆవిరవుతాయో ఎంత తేలిగ్గా అంటుకుంటాయో ఒక పేరా ఉంటుంది, రెండు మార్కుల ప్రశ్న అని వదిలేస్తారు. ఆ రెండు మార్కులు ఒక మనిషి ప్రాణం బాబూ. సేఫ్టీ చూసుకోవాల్సింది యాజమాన్యం, ఇన్‌స్పెక్టర్లు, అందులో రెండో మాట లేదు. కానీ మీరు పనిలోకి వెళ్ళిన మొదటి రోజు, నేను ముట్టుకునే కెమికల్ ఏంటి, దాని సేఫ్టీ డేటా షీట్ ఎక్కడుంది, సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలి అని అడిగే ధైర్యం ఉండాలి. ట్రైనింగ్ ఇవ్వకుండా ట్రైనింగ్ రిజిస్టర్‌లో సంతకం పెట్టమంటే పెట్టకండి. అడిగే ధైర్యం తెలిసినవాడికే వస్తుంది, ఏం వాడుతున్నామో తెలియనివాడు అడగలేడు.

ఇంగ్లీష్ గురించి. ఇదొక పెద్ద భయం. నేను పక్కాగా చెప్తున్నాను, మా ల్యాబ్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకునేది తెలుగే, ఒడియా వాళ్ళు ఉంటే కొంచెం హిందీ. కానీ రాసేదంతా ఇంగ్లీష్. ఏ పని ఎలా చేయాలో రాసిన ఎస్‌వోపీ ఇంగ్లీష్‌లో ఉంటుంది, లాగ్‌బుక్ ఇంగ్లీష్‌లో రాయాలి, ఏదైనా తేడా వస్తే ఏం జరిగిందో నాలుగు లైన్లు రాయాలి. కాబట్టి స్పోకెన్ ఇంగ్లీష్‌కి వేలు పోసే ముందు ఒక పని చేయండి, ఇవాళ ల్యాబ్‌లో ఏం చేశారో రోజూ నాలుగు లైన్లు ఇంగ్లీష్‌లో రాయండి, ఎన్ని గ్రాములు తూచాను, ఎంత నీళ్ళు పోశాను, ఏం రంగు వచ్చింది. తప్పులు మీ ఇంగ్లీష్ మేడం చేత దిద్దించుకోండి. ఆరు నెలలు చేస్తే చాలు, తేడా మీకే కనపడుతుంది. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం చేశారు, చాలామంది పిల్లలు అర్థం కాక బట్టీ పట్టి గట్టెక్కుతున్నారు. బట్టీ వద్దు. తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీష్‌లో రాయడం నేర్చుకోండి, మేమంతా అలా వచ్చినవాళ్ళమే.

బీకాం వాళ్ళు ఇదంతా సైన్స్ వాళ్ళకి అనుకుంటున్నారేమో, మీకు కూడా ఇదే. మా ఫైనాన్స్ వాళ్ళు ఇంటర్వ్యూ చేస్తుంటే పక్కన కూర్చున్నాను. బ్యాంకు లెక్కనీ మన లెక్కనీ సరిచూసే బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ ఉన్న అకౌంటింగ్ పేపర్లో 75 మార్కులకి 70 తెచ్చుకున్న కుర్రాడి ముందు నిజం బ్యాంక్ స్టేట్‌మెంట్, క్యాష్ బుక్ పెడితే ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి శ్లాబులు మారాయి, పాత గైడ్ పట్టుకుని 12 శాతం, 28 శాతం అని చెప్తే ఎలా. నెలవారీ రిటర్న్ వేసేవాళ్ళకి జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్న్ పదకొండో తారీఖు, పన్ను కట్టే 3బీ రిటర్న్ ఇరవయ్యో తారీఖు, ముందే కోసిన పన్ను టీడీఎస్ ఏడో తారీఖు, ఈ మూడు తేదీల చుట్టూ ఆడిటర్ ఆఫీసుల్లో నెల తిరుగుతుంది. ఆ తారీఖుల ముందు వాళ్ళకి మనుషులు చాలరు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఏదో ఒక ఆడిటర్ గారి దగ్గరికి వెళ్ళి సాయంత్రాలు వచ్చి బిల్లులు ఎంట్రీ చేస్తాను సార్, డబ్బులివ్వకపోయినా పర్లేదు మూడు నెలలు నేర్చుకుంటాను అనండి. మూడు నెలలు అన్నాను, ఏళ్ళ తరబడి ఊరికే చేయమని కాదు. ట్యాలీ సర్టిఫికెట్ కన్నా ఆ మూడు నెలలే ఎక్కువ మాట్లాడిస్తాయి మిమ్మల్ని.

బీఏ వాళ్ళు, ఇంకా గ్రూప్స్ రాద్దామనుకునేవాళ్ళు, మీతో కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. ప్రభుత్వ ఉద్యోగం కోరుకోవడంలో తప్పేమీ లేదు, ఇంట్లో అందరి ఆశ అదే, నాకు తెలుసు. కానీ లెక్క చూడండి. 2023 డిసెంబర్‌లో గ్రూప్-2 నోటిఫికేషన్ 897 పోస్టులకి వచ్చింది, అప్లై చేసినవాళ్ళు 4 లక్షల 80 వేలు పైనే. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో అయితే మెయిన్స్ వాయిదాలు పడీ పడీ 2025 ఫిబ్రవరి 23న జరిగింది. టీచర్ పోస్టులు చూడండి, 2018 డీఎస్సీ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, అది రద్దయింది, మళ్ళీ 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకి వచ్చింది. ఈ మధ్యలో అవనిగడ్డలో, విశాఖలో రూములు తీసుకుని, మెస్ డబ్బులు ఇంటి నుంచి తెప్పించుకుని కూర్చున్న పిల్లలు ఎంతమందో. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందన్నది మీ చేతిలో లేదు. ఆ ఖాళీ టైమ్‌లో మీరేం చేస్తున్నారన్నది మాత్రం మీ చేతిలో ఉంది.

అందుకని నేను చెప్పేది, గ్రూప్స్ రాయండి, కానీ చేతిలో ఒక పని పెట్టుకుని రాయండి. డిగ్రీ మూడో ఏడు నుంచే బ్యాంక్ క్లర్క్, ఎస్‌ఎస్‌సీ, రైల్వే, వీటికి అరిథ్‌మెటిక్, రీజనింగ్ ఒకటే కదా, అవి కూడా రాస్తూ పోండి. ఎన్నేళ్ళు ప్రయత్నిస్తాను, ఎక్కడ ఆపి వేరే దారి చూసుకుంటాను అని ఇంట్లో కూర్చుని అమ్మానాన్నతో ముందే మాట్లాడుకోండి, ఆ మాట ఎవరూ మాట్లాడరు, అందుకే ఇరవై ఎనిమిది, ముప్పై ఏళ్ళొచ్చాక ఇంట్లో గొడవలు. ఇంకోటి, మీరు డిగ్రీలో చదివే చరిత్ర, పాలిటీ, ఎకానమీ అదే గ్రూప్స్ సిలబస్ కూడా, క్లాసు ఎగ్గొట్టి కోచింగ్ సెంటర్లో అదే పాఠం డబ్బులు కట్టి వినడం ఏంటమ్మా?

పీజీకి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. మూడో ఏడు సెప్టెంబర్, అక్టోబర్‌లోనే ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే ఐఐటీ జామ్ అప్లికేషన్లు అయిపోతాయి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. మన పిల్లలకి ఆ పేరు మేలో, రిజల్ట్స్ అన్నీ అయిపోయాక తెలుస్తోంది. ఫోన్‌లో క్యాలెండర్‌లో పెట్టుకోండి ఇప్పుడే. ఏపీ పీజీసెట్ ఎలాగూ ఉంది. కానీ ఏ ఉద్యోగం రాలేదు కాబట్టి పీజీ చేద్దాం అని మాత్రం వెళ్ళకండి, రెండేళ్ళు వాయిదా పడుతుంది తప్ప అదే టేబుల్ ముందుకి మళ్ళీ రావాలి, అప్పుడు ప్రశ్నలు ఇంకా కష్టంగా ఉంటాయి.

డబ్బు విషయాలు తొందరగా చెప్పేస్తాను. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బులడిగే కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వెరిఫికేషన్‌కి చూపించండి, వెంటనే తిరిగి తీసుకోండి, ఎవరి దగ్గరా వదలకండి. ఆఫర్ లెటర్‌లో సీటీసీ, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, ఎంతుందో కాదు, చేతికెంత వస్తుందో అడగండి, పీఎఫ్‌కి బేసిక్‌లో 12 శాతం పోతుంది, జీతం 21 వేల లోపుంటే ఈఎస్‌ఐ ఉంటుంది, ఆ కార్డు తప్పనిసరిగా తీసుకోండి, ఇంట్లోవాళ్ళకి కూడా పనికొస్తుంది. బీఎస్సీ ఫ్రెషర్‌కి మొదట్లో పదిహేను వేలకి అటూఇటూగా ఉంటుంది, తక్కువే, నాకు తెలుసు. రెండేళ్ళు నిజంగా పని నేర్చుకున్నవాడు ఆ జీతం దగ్గర ఉండిపోడు, ఇది నేను కళ్ళారా చూస్తున్నది. అప్రెంటిస్‌షిప్ కూడా చూడండి, కేంద్రం నాట్స్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వండి, 2019 రూల్స్‌లోనే గ్రాడ్యుయేట్‌కి నెలకి కనీసం 9 వేలు స్టైపెండ్ పెట్టారు. 2024లో పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్ మొదలుపెట్టారు, అప్పుడు 21 నుంచి 24 ఏళ్ళవాళ్ళకి ఏడాది పాటు నెలకి 5 వేలు అన్నారు. వీటికి మీ తరఫున ఎవరూ అప్లై చేయరు, మీరే చేసుకోవాలి.

సరే, నేను మాట్లాడింది చాలు, మీరు అడగండి. మొహమాటపడకండి.

(ఒక విద్యార్థిని: సార్, మా ఇంట్లో షిఫ్టుల ఉద్యోగం అంటే పంపించరు. మాలాంటి వాళ్ళేం చేయాలి?)

మంచి ప్రశ్న అమ్మా. ఇది నువ్వొక్కదానివే మోసే బరువు కాదు. మా ల్యాబ్‌లో చాలామంది అమ్మాయిలు ఉన్నారు, జనరల్ షిఫ్టు ఉద్యోగాలు కూడా ఉన్నాయి, క్యూఏ అంటే క్వాలిటీ అస్యూరెన్స్‌లో డాక్యుమెంటేషన్, మందు ఎన్నాళ్ళు నిలుస్తుందో చూసే స్టెబిలిటీ సెక్షన్ లాంటివి. ఇంటర్వ్యూలోనే అడుగు, షిఫ్టులు ఎలా ఉంటాయి, బస్సు ఎక్కడి దాకా వస్తుంది, హాస్టల్ ఉందా అని. అలా అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అని భయపడకు, అడగకుండా చేరి నెలకి మానేసేవాళ్ళ కన్నా అడిగేవాళ్ళంటేనే మాకు ఇష్టం. మీ నాన్నగారిని తీసుకుని రా, గేటు దాకా కాదు, హెచ్‌ఆర్‌తో మాట్లాడించు, బస్సు చూపించు, అక్కడ పనిచేసే మీ సీనియర్ అమ్మాయితో మాట్లాడించు. వాళ్ళు వద్దంటున్నది తెలియక, భయంతో. కళ్ళతో చూస్తే చాలామంది ఒప్పుకున్నారు. నువ్వు నీ సబ్జెక్టులో గట్టిగా ఉంటే వాళ్ళకి చెప్పే గొంతులో కూడా ఆ గట్టితనం వస్తుంది.

(ఒక విద్యార్థి: సార్, నేను ఇప్పుడు ఫైనలియర్. రెండేళ్ళు రికార్డులు చూసి రాసినవే. ఇప్పుడు మొదలుపెడితే అవుతుందా సార్?)

నిజం చెప్పావు, అందరి ముందూ నిలబడి చెప్పావు, అదే పెద్ద విషయం. అవుతుంది. ఎలాగో చెప్తాను, రాసుకో. ఫస్టియర్ ప్రాక్టికల్ మాన్యువల్ తీసుకో, మూడేళ్ళదీ కలిపి నీకు నిజంగా కావాల్సిన ప్రయోగాలు ఎన్నో ఉండవు, యాసిడ్ బేస్ టైట్రేషన్, పర్మాంగనేట్, ఈడీటీఏ, కలరీమీటర్, టీఎల్‌సీ, సాల్ట్ అనాలిసిస్, పీహెచ్ మీటర్. మీ ల్యాబ్ అసిస్టెంట్ గారిని అడుగు, శనివారం మధ్యాహ్నం ల్యాబ్ తెరిచి పెడతారేమో. ప్రిన్సిపాల్ సార్, మీరు కూడా దయచేసి పర్మిషన్ ఇవ్వండి. వారానికొకటి చెయ్యి, ఈసారి వచ్చిన రీడింగే రాయి, ఎందుకు అనే ప్రశ్న ప్రతి స్టెప్ దగ్గరా వేసుకో. ఇండికేటర్ అదే ఎందుకు, వేడి ఎందుకు చేయాలి, మూడుసార్లు ఎందుకు చేయాలి. నలుగురు కలిసి చేయండి, ఒకడు ఇంటర్వ్యూ చేసేవాడిలా అడగాలి, మిగతావాళ్ళు చెప్పాలి. ఈ సెమిస్టర్ అయ్యేలోపు నీ మెమోకి నువ్వే జవాబు చెప్పుకునే స్థితికి వస్తావు. మా దగ్గర ఫ్రెషర్స్‌ని తీసుకునే డ్రైవ్ పెట్టినప్పుడు జేకేసీ మేడం గారికి మెయిల్ వస్తుంది, రా.

భోజనం టైమ్ అయింది అంటున్నారు. ఇంకా అడగాల్సినవాళ్ళు ఉంటే నేను రెండింటిదాకా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లోనే ఉంటాను, రెజ్యూమె ఉన్నవాళ్ళు పట్టుకురండి, లేనివాళ్ళు మెమో జిరాక్స్ పట్టుకురండి, కూర్చుని చూద్దాం.